గ్రాంటు దరఖాస్తు డబ్బిచ్చి రాయించుకోవచ్చా? (కనిగిరి ఫ్లోరోసిస్ ప్రాజెక్టు)

కనిగిరి_బోరు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలో ఒక వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. కనిగిరి వైపు ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మీద ఐసీఎంఆర్‌కు (భారత వైద్య పరిశోధన మండలికి) గ్రాంటు దరఖాస్తు పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పాఠాలు, ఫీల్డ్ పోస్టింగులు, పీజీల థీసిస్‌లు పోగా మిగిలిన వేళల్లో కూర్చుని ఎనిమిది పేజీలు రాశాను. మా హెచ్‌ఓడీ మేడమ్ చదివి, "విషయం ఉంది, ప్రాజెక్టు లేదు" అన్నారు. అంతకు మించి విడమరిచి చెప్పే తీరిక ఆవిడకు లేదు.

ఇంటర్నెట్‌లో వెతికితే ఒక సంస్థ తగిలింది. ఫోను చేస్తే దరఖాస్తు మొత్తం తామే రాసిపెడతామన్నారు. ముందు కొంత ఇవ్వాలి, మంజూరైతే గ్రాంటులో మూడు శాతం ఇవ్వాలి. ఆ తర్వాత వచ్చే పేపర్లు కూడా రాసిస్తారట. "మీ పేరే ఉంటుంది సార్, మా పేరు ఎక్కడా కనబడదు" అని భరోసా ఇచ్చారు.

ఇలా రాయించుకోవడం తప్పా? కాకపోతే ఎవరిని అడగాలి, ఎంతవరకు అడగాలి?

---

పెన్నా_తీరం
సోమవారం, రాత్రి 10:25

డాక్టరు గారూ, నేను నెల్లూరులో ఇంటి నుంచే మెడికల్ రైటింగ్ చేస్తాను. సాయం తీసుకోవడం తప్పు కాదు. కానీ మీకు ఫోనులో చెప్పిన రెండు మాటలూ తప్పే.

ముందు మూడు శాతం సంగతి. గ్రాంట్లు రాసేవాళ్ల వృత్తి సంఘాలు అమెరికాలో ఉన్నాయి. మంజూరైన సొమ్ములో వాటా తీసుకోకూడదని వాటి నియమావళిలోనే ఉంది. మన దగ్గరైనా ఒక్కసారి లెక్క వేసుకోండి. గ్రాంటు డబ్బు పద్దుల వారీగా వస్తుంది: సిబ్బంది, పరికరాలు, కన్స్యూమబుల్స్, ప్రయాణం, కంటింజెన్సీ. ఏడాది చివర ప్రభుత్వ ఆర్థిక నియమాల జీఎఫ్ఆర్ 12-ఎ ఫారంలో, డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ మూడు శాతాన్ని ఏ పద్దులో చూపిస్తారు? మీ జేబులోంచైనా ఇవ్వాలి, దొంగ బిల్లైనా పెట్టాలి. ఇది పెళ్లి కుదిర్చిన మధ్యవర్తి కట్నంలో వాటా అడిగినట్టుంది.

ఇక "మా పేరు కనబడదు" అన్న మాట. పేపర్ల విషయంలో ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నియమాలు సూటిగా ఉన్నాయి. రచయిత అనిపించుకోవాలంటే నాలుగూ ఉండాలి: అధ్యయనం రూపకల్పనలోనో డేటాలోనో గణనీయమైన పాత్ర, రాతలో లేదా దాన్ని నిశితంగా సరిదిద్దడంలో పాత్ర, తుది ప్రతికి ఆమోదం, ప్రతి అక్షరానికీ జవాబుదారీ. రాతలో మాత్రమే సాయం చేసినవారు రచయితలు కారు. వారి పేరు కృతజ్ఞతల్లో వేయాలి, వారికి డబ్బు ఎవరిచ్చారో కూడా చెప్పాలి. దాచడాన్నే ఘోస్ట్ రైటింగ్ అంటారు. కౌమారుల డిప్రెషన్‌కు పారోక్సెటిన్ మీద జరిగిన స్టడీ 329 సంగతి వినే ఉంటారు. 2001లో వచ్చిన ఆ పేపరు చిత్తుప్రతిని కంపెనీ డబ్బుతో ఒక రచయిత్రి రాశారు. పేపర్లో మందు బాగా పనిచేస్తుందని, సురక్షితమని ఉంది. 2015లో వేరే పరిశోధకులు అదే డేటాను మళ్లీ విశ్లేషించి బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురిస్తే మందు పనిచేయలేదనీ, హాని ఉందనీ తేలింది.

నా బోటివాళ్లు చేసే పనిలో ఎక్కువ భాగం గ్రాంట్లు కావని కూడా తెలుసుకోండి. మందుల కంపెనీల ట్రయల్ నివేదికలు ఐసీహెచ్ ఇ3 అనే అంతర్జాతీయ పద్ధతిలో రాయడం, ప్రోటోకాల్స్, సమ్మతి పత్రాలు, పేపర్లు, ఇదీ మా రోజువారీ పని. నివేదికలో జరిగినదాన్ని చెబుతాం. గ్రాంటులో ఇంకా జరగనిదాన్ని నమ్మించాలి. రెండూ బాగా చేసేవాళ్లు తక్కువ. కాబట్టి ఎవరైనా "అన్నీ చేస్తాం" అంటే, చేసిన గ్రాంటు దరఖాస్తు ఒకటి పేర్లు తీసేసి చూపించమనండి.

---

రిటైర్డ్_మాస్టారు
మంగళవారం, ఉదయం 6:10

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి దరఖాస్తులు చాలా సమీక్షించాను. అద్దె రాత మొదటి పేజీలోనే దొరికిపోతుంది. వాక్యాలు నున్నగా ఉంటాయి, ఊరు ఉండదు. కనిగిరి అని ఉన్నచోట ఏ జిల్లా పేరు పెట్టినా సరిపోతుంది. పీఐని (ప్రాజెక్టు ప్రధాన పరిశోధకుణ్ని) పిలిచి "మీ శాంపిల్ ఇంతే ఎందుకు?" అని అడిగితే పక్కవాళ్ల వైపు చూస్తాడు.

సొంతంగా రాసుకో నాయనా. మొదటిది తిరిగి వస్తుంది. రానీ.

---

సోమశిల_పీజీ
మంగళవారం, ఉదయం 7:55

మాస్టారూ, మీ రోజుల్లో పక్కన కూర్చుని దిద్దే గైడ్లు ఉండేవారు. ఇప్పుడు మా గైడు కింద నలుగురం ఉన్నాం, ఆయనకు ఓపీ కూడా ఉంది. ఢిల్లీ, వెల్లూరు, చండీగఢ్ లాంటి పెద్ద సంస్థల్లో దరఖాస్తు చదివి దిద్దడానికి పరిశోధన విభాగాలు ఉంటాయి. మన జిల్లా కాలేజీల్లో అవి లేవు కాబట్టే ఇలాంటి సంస్థలకు గిరాకీ. సొంతంగా రాసుకోమనడం సులువు.

---

రిటైర్డ్_మాస్టారు
మంగళవారం, ఉదయం 8:20

అదీ నిజమే. అయితే డబ్బు తీసుకోకుండా చదివే మనిషిని వెతుకు. నేనున్నాను.

---

[ఈ సందేశాన్ని నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు: "స్కోపస్ పేపరు గ్యారంటీ, పదిహేను రోజుల్లో యాక్సెప్టెన్స్" ప్రకటనలు ఇక్కడ వేయకూడదు. మళ్లీ వేస్తే ఖాతా మూసేస్తాం.

---

కావలి_రొయ్య
మంగళవారం, మధ్యాహ్నం 1:15

డాక్టర్ల మధ్యకు చెరువు మనిషి వచ్చాడనుకోకండి. రొయ్యల్లో ఈహెచ్‌పీ అనే పరాన్నజీవిని చెరువు గట్టు మీదే పట్టే కిట్ మీద మేం ఇద్దరం పనిచేస్తున్నాం. బయోటెక్ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు పథకానికి పెట్టాం. 50 లక్షల వరకు ఇస్తారు, 18 నెలల గడువు. ఒక కన్సల్టెంట్‌తో రాయించాం. ఆయన మార్కెట్ గురించి అద్భుతంగా రాశారు. కిట్ ఏ జన్యువును గుర్తిస్తుందో, తెల్లమచ్చ వైరస్ ఉన్న నమూనాలో తప్పు ఫలితం ఇస్తుందో లేదో ఒక్క ముక్క లేదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే. జవాబు మాకు తెలుసు, కాగితం మీద లేదు.

రెండోసారి నెల్లూరులో ఒక మైక్రోబయాలజీ మేడమ్ చదివి, మార్జిన్ నిండా ప్రశ్నలు రాసిచ్చారు. ఆవిడ ఒక్క వాక్యం కూడా మా తరఫున రాయలేదు. నా అనుభవంలో ఆ మార్జిన్‌కే డబ్బివ్వాలి.

---

కనిగిరి_బోరు
మంగళవారం, రాత్రి 9:05

ఆ సంస్థకు వద్దని చెప్పేశాను. అందరికీ ధన్యవాదాలు. నా దరఖాస్తులో లక్ష్యాల భాగం సారాంశం ఇక్కడ పెడుతున్నాను, మార్జిన్‌లో ప్రశ్నలు వేయండి:

"కనిగిరి ప్రాంతంలో ఫ్లోరోసిస్‌పై సమగ్ర అధ్యయనం. 1. దంత, అస్థి ఫ్లోరోసిస్ వ్యాప్తిని అంచనా వేయడం. 2. తాగునీటిలో ఫ్లోరైడ్ స్థాయిలను కొలవడం. 3. ప్రజల అవగాహన, వైఖరి, ఆచరణలను తెలుసుకోవడం. 4. ఆరోగ్య విద్య ద్వారా అవగాహన పెంచడం. 5. విధాన నిర్ణేతలకు సిఫారసులు చేయడం."

శాంపిల్ సైజు నాలుగు పీక్యూ బై ఎల్ స్క్వేర్ సూత్రంతో వేశాను (పీ వ్యాప్తి శాతం, క్యూ మిగతా శాతం, ఎల్ కచ్చితత్వం). వ్యాప్తి 30 శాతం, కచ్చితత్వం 5 శాతం అనుకుంటే 336. డిజైన్ ఎఫెక్ట్ (ఊళ్ల వారీగా తీసినందుకు పెంచే లెక్క) 2 తీసుకుని 672. పదిశాతం మంది రాకపోవచ్చని మొత్తం 747.

---

పెన్నా_తీరం
మంగళవారం, రాత్రి 10:50

ఇప్పుడు అర్థమైంది మేడమ్ ఎందుకలా అన్నారో. ఐదు లక్ష్యాల్లో ఒక్కటైనా కనిగిరి వాళ్లకు తెలియని సంగతి కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని వాళ్లకు తెలుసు, పళ్లు చూస్తే మనకూ తెలుస్తుంది. సమీక్షకుడు అడిగే ప్రశ్న ఒకటే: ఈ డబ్బు ఖర్చయ్యాక ఇప్పుడు తెలియనిది ఏం తెలుస్తుంది?

నా ప్రశ్నలు వరుసగా ఇవి. మీరు ఆ ఊళ్లకు వెళ్తారు కదా, అక్కడ మిమ్మల్ని ఆశ్చర్యపరిచింది ఏమిటి? నాలుగో లక్ష్యం అసలు పరిశోధనేనా? "సమగ్ర" తీసేస్తే ఏం మిగులుతుంది? ఇది మీరే ఎందుకు చేయాలి, హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లు ఎందుకు చేయకూడదు?

అమెరికాలో వైద్య పరిశోధనకు గ్రాంట్లిచ్చే ఎన్ఐహెచ్ పద్ధతి ఒకటి మనకూ పనికొస్తుంది. అక్కడ లక్ష్యాలు ఒక్క పేజీ దాటకూడదు. ప్రాజెక్టు ఆ పేజీలో నిలబడితేనే మిగతా పేజీలు చదువుతారు. ముందు ఆ ఒక్క పేజీ రాయండి, ఎనిమిది పేజీలు పక్కన పెట్టండి.

---

కనిగిరి_బోరు
బుధవారం, ఉదయం 6:30

ఆశ్చర్యపరిచిందంటే ఒకటుంది. ఊళ్లలో ఆర్వో ప్లాంట్లు వచ్చి చాలాకాలమైంది, 20 లీటర్ల క్యాన్ అందరి ఇళ్లలోనూ కనిపిస్తుంది. అందుకని సమస్య తీరిందని అధికారులు అంటారు. కానీ చాలా ఇళ్లలో క్యాన్ నీళ్లు తాగడానికే. అన్నం, పప్పు, టీ అన్నీ బోరు నీళ్లతోనే. "కాగితే పోతుంది కదా డాక్టరు గారూ" అంటారు. ఇది దరఖాస్తులో రాయలేదు. పరిశోధన ప్రశ్న అవుతుందని తోచలేదు.

---

పెన్నా_తీరం
బుధవారం, ఉదయం 6:42

అదే ప్రాజెక్టు! కాగితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి మాత్రమే ఆర్వో వాడే ఇళ్ల పిల్లలనూ, వంటకు కూడా ఆర్వో వాడే ఇళ్ల పిల్లలనూ పోల్చండి.

---

పంటి_మేడమ్
బుధవారం, ఉదయం 10:15

ఒంగోలు నుంచి, దంత వైద్యురాలిని. ఆలోచన బాగుంది కానీ దేనితో పోలుస్తారో జాగ్రత్త. డీన్ ఇండెక్స్‌తో (పళ్ల మీది ఫ్లోరోసిస్ మచ్చల తీవ్రత కొలతతో) పళ్లు చూస్తే ఇప్పటి వంట నీళ్ల సంగతి తెలియదు. శాశ్వత దంతాల ఎనామిల్ ఏర్పడేది సుమారు ఎనిమిదేళ్ల లోపు. పన్నెండేళ్ల పిల్లవాడి పంటి మీద మచ్చ, వాడు పసివాడుగా ఉన్నప్పుడు తాగిన నీళ్ల లెక్క. ఇప్పుడు ఒంట్లోకి ఎంత వెళ్తోందో తెలియాలంటే మూత్రంలో ఫ్లోరైడ్ చూడాలి, మూత్రం చిక్కదనం తేడా రాకుండా క్రియాటినిన్‌తో సరిచేసుకోవాలి. రెండూ కొలవండి, కానీ ప్రధాన ఫలితం మూత్రమే అని రాయండి. టీ ఎన్నిసార్లు, ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు వాడతారా, ఇవి కూడా అడగాలి. టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

---

లెక్కల_మనిషి
బుధవారం, మధ్యాహ్నం 12:30

అయితే ఆ 747 కొట్టేయండి. నాలుగు పీక్యూ బై ఎల్ స్క్వేర్ వ్యాప్తి అంచనాకు. ఇప్పుడు మీరు చేసేది రెండు గుంపుల సగటుల పోలిక. మన పక్క ప్రతి థీసిస్‌లోనూ ప్రశ్న ఏదైనా ఇదే సూత్రం కనిపిస్తుంది. సమీక్షకులకు అది చూడగానే చిరాకు.

స్థూలంగా చెబుతాను. 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడా ఉన్నట్టు కనబడే అవకాశం), 80 శాతం పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) తీసుకుంటే ఒక్కో గుంపుకు సుమారు 15.7 ఇంటూ ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) వర్గం, భాగించు తేడా వర్గం. ప్రామాణిక విచలనంలో సగం మేర తేడా పట్టాలనుకుంటే గుంపుకు 63. ఊళ్ల వారీగా తీస్తున్నారు కనుక డిజైన్ ఎఫెక్ట్ 2 పెడితే 126, పదిశాతం కలుపుకుంటే 140. మొత్తం 280 మంది పిల్లలు. 747తో పోలిస్తే బడ్జెట్ ఎంత తగ్గిందో చూడండి.

అసలు ఆ "సగం" సబబో కాదో తెలియాలంటే పైలట్ కావాలి. ఒక ఊళ్లో కొద్దిమంది నమూనాలు ముందే కొలిచి, సంఖ్య దరఖాస్తులో పెడితే దాని బరువే వేరు.

---

రిటైర్డ్_మాస్టారు
బుధవారం, సాయంత్రం 5:00

ఇప్పుడు దారిలో పడింది. నేనైతే అడిగే ప్రశ్న: వంటకు కూడా క్యాన్ కొనగలిగిన ఇల్లు కాస్త ఉన్న ఇల్లు. ఆ పిల్లలు పాలు తాగుతారు, కాల్షియం అందుతుంది. మీకు కనిపించే తేడా నీళ్లదా, డబ్బుదా? ఒకే ఊరు, ఒకే బోరు తీసుకుని, ఇంటి ఆర్థిక స్థితినీ ఆహారాన్నీ కొలిచి విశ్లేషణలో సరిచేస్తామని ముందే రాయి. సమీక్షకుడు అడగబోయే మాట మనమే అంటే సగం గెలిచినట్టే.

ఇంకొకటి. ఉపోద్ఘాతాన్ని "ఫ్లోరోసిస్ ప్రపంచవ్యాప్త సమస్య" అని మొదలుపెట్టకు. భారతదేశంలో ఈ వ్యాధిని వైద్య పత్రికల్లో మొదట నమోదు చేసింది 1937లో, షార్ట్, ఆయన సహచరులు. అది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లా తాలూకాలు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడే అందులోకి వచ్చాయి. ఇంత కాలం తర్వాత అదే నేల మీద, ఆర్వో వచ్చాక ఏమైందన్నది మీ ప్రశ్న. ఈ రెండు వాక్యాలు చాలు, రెండు పేజీల ప్రపంచ గణాంకాలు అక్కర్లేదు. నువ్వే ఎందుకు చేయాలన్న ప్రశ్నకూ జవాబు అందులోనే ఉంది.

---

సోమశిల_పీజీ
బుధవారం, రాత్రి 8:45

మధ్యలో ఒక ప్రశ్న. ఇదంతా చాట్‌జీపీటీకి ఇస్తే రాయదా? మా బ్యాచ్‌లో అందరూ థీసిస్ రివ్యూ అలాగే రాస్తున్నారు.

---

పెన్నా_తీరం
బుధవారం, రాత్రి 9:30

వాక్యం దిద్దడానికి నేనూ వాడతాను. కానీ పైన డాక్టరు గారి వంట నీళ్ల సంగతి దానికి తెలియదు, ఆయన చెప్పేదాకా నాకూ తెలియదు. రిఫరెన్సులైతే లేని పేపర్లు కల్పించి ఇస్తుంది, ప్రతిదీ పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్ల ఆన్‌లైన్ జాబితాలో) తెరిచి చూడాల్సిందే. పత్రికలు ఏఐని రచయితగా ఒప్పుకోవు, వాడితే ఎక్కడ వాడారో చెప్పమంటాయి. ఎన్ఐహెచ్ అయితే 2025 సెప్టెంబరు నుంచి ఏఐతో గణనీయంగా తయారైన దరఖాస్తులను అసలు పరిగణించడం లేదు. థీసిస్ సంగతి మీ విశ్వవిద్యాలయం చూసుకుంటుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి.

నేర్చుకోవాలనుంటే ఉచితంగా దారులున్నాయి. చెన్నైలోని ఐసీఎంఆర్-ఎన్ఐఈ వారి బీసీబీఆర్ (వైద్య పరిశోధన ప్రాథమిక) ఆన్‌లైన్ కోర్సు ఎలాగూ మీరు చేయాల్సిందే. పరీక్ష కోసం కాకుండా శాంపిల్ సైజు పాఠాలు నిజంగా వినండి. ఆథర్‌ఎయిడ్ అనే పరిశోధకుల ఆన్‌లైన్ వేదికలో ఉచితంగా మెంటార్లు దొరుకుతారు. హైదరాబాదులోని ఇండియా అలయన్స్ (పరిశోధనకు నిధులిచ్చే సంస్థ) వాళ్లు గ్రాంటు రాతపై వర్క్‌షాపులు పెడుతుంటారు, ప్రకటన వచ్చినప్పుడు వెంటనే దరఖాస్తు చేయండి.

---

కనిగిరి_బోరు
శుక్రవారం, రాత్రి 11:20

ఒక్క పేజీ అయింది. ప్రధాన లక్ష్యం ఇలా రాశాను:

"భూగర్భ జలంలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న గ్రామాల్లో, తాగడానికి మాత్రమే ఆర్వో నీరు వాడే ఇళ్లలోని 8–12 ఏళ్ల పిల్లలకూ, తాగడానికీ వంటకూ ఆర్వో నీరు వాడే ఇళ్లలోని అదే వయసు పిల్లలకూ మధ్య మూత్రంలో ఫ్లోరైడ్ స్థాయి ఎంత తేడా ఉందో నిర్ధారించడం."

రెండో లక్ష్యం ఇంటి నుంచి తీసిన వండిన అన్నంలో, టీలో ఫ్లోరైడ్ కొలవడం. అంతే, మూడోది లేదు. అవగాహన సర్వే తీసేశాను, కొంచెం బాధగానే ఉంది. పొద్దున మేడమ్‌కు చూపిస్తే సంతకం పెడతానన్నారు.

పెన్నా_తీరం గారూ, పూర్తి దరఖాస్తు మీరు చదివి దిద్దడానికి ఎంత తీసుకుంటారు? బేరం ఆడను.

---

పెన్నా_తీరం
శనివారం, ఉదయం 7:15

గంటల లెక్కన తీసుకుంటాను. వస్తే ఒకటి, రాకపోతే ఒకటి అని ఉండదు. వివరాలు విడిగా పంపుతాను. ముందే కాగితం మీద నాలుగు సంగతులు రాసుకుందాం: నేను ఏం చేస్తాను, ఏం చేయను, మీ ఆలోచన ఎవరికీ చెప్పను, రేపు పేపరు వస్తే నా సాయం కృతజ్ఞతల్లో ఉంటుంది. పైలట్ డేటా పంపేటప్పుడు పిల్లల పేర్లు, ఇంటి నంబర్లు తీసేసి కోడ్‌తో పంపండి. పేర్లున్న ఎక్సెల్ షీటు నా దగ్గరకు రాకూడదు.

సమ్మతి పత్రాలు మాత్రం మీరే తెలుగులో మొదలుపెట్టండి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి సరిపోదు. ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల నోటి అంగీకారం తీసుకోవాలి, పన్నెండు నిండితే రాతపూర్వకంగా. మీ వయసు గుంపులో రెండు రకాలూ వస్తాయి కాబట్టి రెండు పత్రాలు కావాలి. ఎథిక్స్ కమిటీలు ఇక్కడే ఎక్కువగా వెనక్కి పంపుతాయి.

---

పంటి_మేడమ్
శనివారం, ఉదయం 9:40

బడ్జెట్ వేసేటప్పుడు ఫ్లోరైడ్ కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో పాటు, నమూనాలో కలపాల్సిన టిసాబ్ బఫర్ ద్రావణం కూడా వేయండి, చాలామంది మరిచిపోతారు. మూత్రం నమూనాలకు ప్లాస్టిక్ సీసాలే, గాజు వద్దు. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది.

---

లెక్కల_మనిషి
శనివారం, ఉదయం 11:05

పైలట్ ఎప్పుడు? ఒక ఊరి నుంచి గుంపుకు పదిహేను నమూనాలు వచ్చినా ప్రామాణిక విచలనం అంచనా వేసి ఇస్తాను. దీనికి నాకు డబ్బు వద్దు, పనికి తగ్గ చోట పేరు వేయండి.

---

కనిగిరి_బోరు
శనివారం, మధ్యాహ్నం 2:30

ఎథిక్స్ కమిటీ వచ్చే నెల మొదటి వారంలో కూర్చుంటుంది. వాళ్ల అనుమతి వచ్చాకే పైలట్. ఆలోగా గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు గారి దగ్గర బోర్ల పరీక్ష నివేదికలు తీసుకుంటాను, మద్దతు లేఖ కూడా అడుగుతాను. లెక్కల సార్, మీరు కో-ఇన్వెస్టిగేటర్‌గా రావాలి, సీవీ పంపండి.